వీథి యెవరిది?

హాలండు దేశమునందలి ఆంస్టర్డాం నగరమున డె పైప్ అను పేట గలదు. అందలి యిరుకు వీథులు పందొమ్మిదవ శతాబ్దిలో కట్టబడినవి. మోటారు బండ్ల నెఱిగి కట్టినవి కావు. 1972వ సంవత్సరమున అచ్చటి పాఠశాల బాలబాలికలు తమ వీథిని బండ్లకు మూసి, ఆటస్థలముగా విడువవలెనని యింటింటికిని దిరిగి యడిగిరి. పెద్దలలో వాదము పుట్టెను. బండ్లు గలవారు కొందఱు కోపించిరి; అడ్డముగా నుంచిన కంచెను లాగి పాఱవైచినవారును గలరు. సరకు దించుటకును, బండి నిలుపుటకును చోటు కావలెననుట న్యాయమే. కాని త్రాసు రెండవ చిప్పలో నేమున్నదో చూతము. 1971వ సంవత్సరమున ఆ దేశమున మార్గప్రమాదములలో 3,000కు పైగా జనులు చనిపోయిరి. వారిలో 400కు మించి పిల్లలు.

మనము ప్రకృతిశాస్త్రమున జదివిన సూత్రము నిచ్చట జ్ఞప్తికి దెచ్చుకొందము. వేగము రెట్టింపైనచో చలనశక్తి నాలుగు రెట్లగును. కావున బ్రేకు పట్టిన పిదప బండి నిలుచుటకు గావలసిన దూరమును నాలుగింతలగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున బోవు బండి 6 మీటర్లలో నిలిచినచో, 60 కిలోమీటర్ల వేగమున బోవునది 24 మీటర్లు గోరును. బంతి వెంట బరుగెత్తు బాలునకు ఆ 18 మీటర్లే ప్రాణము.

హెచ్చరిక పలక పాతినంతనే వేగము తగ్గునా? తగ్గదని మన వీథులలో నిత్యము చూచుచునే యున్నాము. డెల్ఫ్ట్ పట్టణమున 1960వ దశకాంతము మొదలు వీథినే వంకరలు దిప్పి, నడుమ చెట్లు నాటి, తోలువాడు తనంతట తానే మెల్లగా బోవునట్లు చేసిరి. 1976లో అట్టి వీథులకు ఆ దేశమున శాసనమేర్పడెను: బండి నడకవేగమునకు మించరాదు, పిల్లలు వీథి వెడల్పెల్ల నాడుకొనవచ్చును.