చెయ్యి పట్టి లాగొద్దు, మోచెయ్యి అందిద్దాం



ప్రతి ఏటా ఈ సంచికలో మీరిచ్చిన విరాళాల గురించి చెప్పుకుంటాం. ఈసారి దానితో పాటు ఒక పాఠం కూడా చెప్పుకోవాలనిపించింది. ఇది మేము ఎవరికో నేర్పిన పాఠం కాదు. చూపులేని సోదరుల దగ్గర మేము నేర్చుకున్నది.

చలికాలంలో ఒక ఆదివారం మాలో కొందరం చూపులేని సోదరులతో కలిసి రామగిరి ఖిల్లా ఎక్కాం. పేదల కంటి ఆపరేషన్లకు డబ్బు కూడబెట్టడానికి పెట్టుకున్న నడక అది. ఇలాంటి వాటిని ఇప్పుడు చారిటీ ట్రెక్ అంటున్నారు. పద్ధతి సులువే. నడిచేవారు ముందుగా బంధువులను, తోటి కార్మికులను, తెలిసిన దుకాణదారులను కలుస్తారు. "నేను ఆ కొండ ఎక్కుతాను, మీరు ఎంత ఇస్తారు?" అని మాట తీసుకుంటారు. నడక పూర్తయ్యాక ఆ డబ్బు వసూలు చేసి సంస్థకు జమ చేస్తారు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే మన రామగుండం ప్రాంతంలో ఇలాంటి పని చలికాలంలోనే పెట్టుకోవాలి. ఫజర్ నమాజు కాగానే గోదావరిఖనిలో బయలుదేరి, సెంటినరీ కాలనీ మీదుగా ఖిల్లా కిందికి చేరుకున్నాం.

అక్కడే మా మొదటి తప్పు జరిగింది.

మాకు జతపడిన చాచా సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. షుగర్ వల్ల రెండు కళ్ల చూపూ పోయింది. దారిలో మొదటి బండరాయి రాగానే మేము కంగారుపడి ఆయన చెయ్యి పట్టి పైకి లాగాం. ఆయన తూలారు. పక్కనున్న చెట్టుకొమ్మ దొరికి నిలదొక్కుకున్నారు. కోపం చేయలేదు. నవ్వి ఒక మాట అన్నారు.

"బేటా, నువ్వు నన్ను పట్టుకుంటే నేను పడ్త. నేను నిన్ను పట్టుకుంటే నడుస్త."

కాసేపాగి తన బాయి రోజుల సంగతి చెప్పారు. "బాయిల టోపీ లైటు పోయిందనుకో, ముందటోని భుజం మీద చెయ్యేసి నడిచేటోళ్లం. ముందటోడు ఎన్కకు తిరిగి గుంజకపోయేది. ఆయన నడుస్తుంటె ఆయన ఒంటిని బట్టి మాకు దారి ఎరుకైతుండె."

ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లం. మన తండ్రులు, అన్నలు ఆ చీకట్లోకి దిగి మనల్ని పెంచారు. అయినా చీకట్లో ఎలా నడవాలో మాకు ఆ రోజే తెలిసింది.

చూపులేనివారితో నడిచే పద్ధతి ప్రపంచమంతటా ఇదే. మీలో ఎవరైనా వచ్చే నడకలో చేరాలనుకుంటే ముందుగా ఈ కొన్ని విషయాలు అలవాటు చేసుకోవాలి.

మొదట మన పేరు చెప్పి, సాయం కావాలా అని అడగాలి. అక్కర్లేదంటే నొచ్చుకోకూడదు. కావాలంటే మన చెయ్యి వెనకభాగాన్ని వారి చేతికి తాకించాలి. వారే మన మోచేతికి కొంచెం పైన పట్టుకుంటారు. మనం అర అడుగు ముందు నడవాలి. మన ఒళ్లు పైకి లేస్తే మెట్టు వచ్చిందని, కిందికి దిగితే పల్లమని, ఆగితే ఏదో అడ్డముందని వారికి మాట అక్కర్లేకుండానే తెలుస్తుంది. దారి ఇరుకైతే మన చెయ్యిని వెనక్కి, నడుము దగ్గరికి మడవాలి. వారు మన వెనకకు వచ్చేస్తారు.

మాట చెప్పేటప్పుడు "అక్కడ, ఇక్కడ, చూసుకోండి" అంటే లాభం లేదు. "రెండడుగుల్లో ఎడమవైపు రాయి, మోకాలెత్తు" అనాలి. వారి కర్రను మనం పట్టుకోకూడదు. అది వారి కన్ను. నీళ్లు తేవడానికి వెళ్లినా చెప్పి వెళ్లాలి. బయలులో ఒంటరిగా నిలబెట్టకుండా, చేతికి ఒక చెట్టో గోడో అందించి వెళ్లాలి. రాళ్లదారిలో ఒక్కొక్కరికి ఇద్దరు తోడుండటం మంచిది. పొడవైన వెదురుబొంగును ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకుంటే, నడుమ చూపులేని మనిషి దాన్ని పట్టుకుని ధైర్యంగా నడవగలడు.

ఇవేవీ పెద్ద విద్యలు కావు. కానీ వీటితో కొండలే కాదు, శిఖరాలు ఎక్కినవారున్నారు. 2001 మే 25న ఎరిక్ వైహెన్‌మేయర్ అనే అమెరికన్ ఎవరెస్టు ఎక్కారు. ఆ శిఖరం చేరిన మొదటి అంధుడు ఆయనే. ముందు నడిచే మిత్రుడు మోగించే గంట చప్పుడును బట్టి ఆయన అడుగులు వేస్తారు. 2025 మేలో హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన ఛోంజిన్ ఆంగ్మో ఎవరెస్టు ఎక్కారు. చూపులేని భారతీయ మహిళల్లో ఆ ఘనత సాధించిన మొదటి వ్యక్తి ఆమె. వారిని ఎవరూ మోసుకుపోలేదు. తోడు నడిచారు, అంతే.

ఇక మా రెండో తప్పు. ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కానీ దాతల ముందు దాచితే ఈ పాఠం సగమే అవుతుంది.

నడక మొదలుపెట్టే ముందు కొండ కింద చిన్న సభ పెట్టాం. పెద్ద మొత్తాలిచ్చిన పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టాం. శాలువాలు కప్పాం, ఫోటోలు తీశాం. ఆ హడావుడిలో, ఎవరి పేరు మీద సభ జరుగుతోందో ఆ చూపులేని సోదరులు ఓ పక్కన నిలబడే ఉన్నారు. వారికి కుర్చీలు వేయాలని ఎవరికీ తోచలేదు. ఎవరు మాట్లాడుతున్నారో, ఏం జరుగుతోందో చెప్పినవారూ లేరు. ఫోటో తీసేటప్పుడు మాత్రం భుజాలు పట్టి ముందుకు జరిపాం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాలో ఒకరు అబస సూరాను గుర్తుచేశారు. ఎవరూ మాట్లాడలేకపోయాం.

ఆ సంఘటన మీకందరికీ తెలిసిందే. మక్కాలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖురైషు నాయకులతో మాట్లాడుతున్నారు. ఆ పెద్దలు విశ్వసిస్తే వారి వెనక ఎందరో వస్తారన్న ఆశ. అంతలో చూపులేని అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజియల్లాహు అన్హు) వచ్చి, తనకు బోధించమని అడిగారు. మాట మధ్యలో రావడంతో దైవప్రవక్త (స) ముఖం చిట్లించి, ఆ నాయకుల వైపే దృష్టి నిలిపారు. వచ్చిన మనిషికి ఆ ముఖం కనిపించదు. కానీ అల్లాహ్ చూశాడు. ఖుర్ఆన్‌లోని 80వ సూరా ఆ సందర్భంలోనే అవతరించింది. లెక్కచేయని పెద్దమనిషి కంటే నేర్చుకోవాలని పరుగున వచ్చిన అంధుడే శ్రద్ధకు హక్కుదారు అని అది మనకు బోధిస్తుంది.

దైవప్రవక్త (స) ఉద్దేశం మంచిదే. మా ఉద్దేశమూ చెడ్డదేం కాదు, ఎక్కువ విరాళాలు రావాలనే కదా. కానీ మంచి ఉద్దేశం ఉన్నా ఎవరిని పక్కన పెట్టామన్న ప్రశ్న ఉండనే ఉంటుంది.

ఆ తర్వాత ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) స్థానం ఏమిటో చూడండి. మదీనాలో బిలాల్ (రజి)తో పాటు ఆయన అజాన్ ఇచ్చేవారు. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు పలుమార్లు మదీనా బాధ్యతను ఆయనకే అప్పగించారు. కాదిసియా యుద్ధంలో జెండా పట్టి నిలిచారని చరిత్రకారులు రాశారు. ఆయన్ను జాలిపడవలసిన మనిషిగా కాక, పని అప్పగించదగిన మనిషిగా చూశారు.

ఈ తేడా మాకు కళ్లకు కట్టింది కూడా చాచా వల్లే. నడక ముగిశాక ఆయన అడిగారు: "నా పేరు ఏ కాగితంల రాసిన్రు?" మేము నీళ్లు నమిలాం. ఆయన పేరు లబ్ధిదారుల జాబితాలో ఉంది. చూపులేదు కదా అని ఎవరో రాసేశారు. నిజానికి ఆయన తన పాత షిఫ్టు మిత్రుల దగ్గర తిరిగి విరాళాలు పోగుచేశారు. తన పింఛనులోంచీ కొంత ఇచ్చారు.

"నా కండ్లు ఇగ రావు బేటా. వచ్చేటోళ్లకు పెట్టుండ్రి. నా పేరు ఇచ్చేటోళ్ల కాగితంల రాయుండ్రి."

ఆ పేరు మార్చాం. ఈ సంచికలో దాతల సరసన ఆయన ఉన్నారు.

ఇక్కడ జకాత్ విషయం కూడా గుర్తుంచుకోవాలి. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా చెప్పింది. అంధత్వం అందులో ఒక వర్గం కాదు. పేదరికం ఉంది. చూపులేని పేదవారికి జకాత్ అందుతుంది. చూపులేని స్తోమతుపరుడు తానే జకాత్ ఇవ్వాలి. అలాగే బస్సులు, బ్యానర్లు, టోపీలు, భోజనాల వంటి నడక ఖర్చులకు జకాత్ డబ్బు తాకకూడదు. వాటిని నడిచేవారే భరించుకోవాలి, లేదా దానికోసమే చెప్పి తీసుకున్న విరాళంలోంచి పెట్టాలి. జకాత్, సదఖా ఖాతాలు వేర్వేరుగా ఉంచమని, లెక్క చూపమని అడగడం దాతల హక్కు. దయచేసి అడగండి.

మీ డబ్బు నిజంగా ఎంత పని చేయగలదో కూడా చూడండి. మన దేశంలో 50 ఏళ్లు దాటినవారి అంధత్వంలో దాదాపు 66 శాతానికి శుక్లాలే కారణమని 2015–19 జాతీయ సర్వే తేల్చింది. శుక్లాలకు ఆపరేషన్ చేస్తే చూపు తిరిగి వస్తుంది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. కానీ ఏటా కళ్లు పరీక్ష చేయించుకుంటే ముందే కాపాడుకోవచ్చు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు పథకంలో ఊరూరా పరీక్షలు జరిగాయి, కళ్లద్దాలు ఇచ్చారు. పరీక్షలో ఆపరేషన్ కావాలని తేలినా తోడెవరూ లేక, కూలి పోతుందని ఆగిపోయే మనిషి దగ్గరే మన అవసరం ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో ఖర్చు, రెండు రోజులు తోడుండే మనిషి, ఆపరేషన్ తర్వాత కంట్లో వేళకు చుక్కలు వేసే చెయ్యి, ఇవీ సదఖాయే. సరిగా కనిపించని మనిషికి మన చూపును తోడివ్వడం కూడా దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. ఆ దానానికి డబ్బు కూడా అక్కర్లేదు.

ఇన్షా అల్లాహ్, మళ్లీ చలికాలం వచ్చినప్పుడు మళ్లీ నడుద్దాం. ఈసారి వేదిక ఉండదు. కుర్చీలు వేస్తే ముందు చూపులేని సోదరులకే. దాతలను కోరేది ఒక్కటే. చెక్కుతో పాటు మీరూ రండి. మీ మోచెయ్యి తీసుకురండి.

మన దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. తోటి మనిషి గౌరవం తగ్గించే దానం నుంచి మనల్ని కాపాడుగాక. ఆమీన్.