భూసార పరీక్షా కేంద్రంలో విడి ఫారాలు, రిపోర్టుల నుండి సమగ్ర డేటాబేస్ రూపకల్పన

భూసార పరీక్షా కేంద్రానికి వచ్చిన మట్టి నమూనా, కార్డు రూపంలో రైతు చేతికి తిరిగి చేరేలోగా కనీసం మూడు చోట్ల నమోదవుతుంది. నమూనా స్వీకరించినప్పుడు ఒక ఫారం, విశ్లేషణ పూర్తయ్యాక మరొకటి, ఎరువుల సిఫారసుతో కార్డు ముద్రించే ముందు ఇంకొకటి. నెలాఖరున పంపే ప్రగతి నివేదిక వీటికి అదనం. ఇవన్నీ కంప్యూటరులోనే ఉన్నప్పటికీ, వేర్వేరు సమయాలలో వేర్వేరు వ్యక్తులు తమ అవసరాన్ని బట్టి తయారు చేసుకున్న విడి ఫైళ్లుగా ఉండడం సర్వసాధారణం. ఏ ఫైలుకు ఆ ఫైలు సక్రమంగానే పనిచేస్తుంది. వాటి మధ్య సంబంధం మాత్రం సిబ్బంది జ్ఞాపకం మీద, ఒకచోట చూసి మరొకచోట తిరిగి టైపు చేయడం మీద ఆధారపడి ఉంటుంది.

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకం ప్రకారం ఒక్కొక్క నమూనాలో 12 అంశాలను పరీక్షిస్తారు. అవి ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. అంటే వేయి నమూనాలకు 12,000 అంకెలు. ప్రతి అంకెనూ మరో రెండు ఫైళ్లలో తిరిగి టైపు చేస్తే పొరపాటుకు మరో 24,000 అవకాశాలు ఏర్పడతాయి. ఎక్కడో రెండు వరుసలు తారుమారైతే, జింకు లోపమున్న వరి పొలానికి జింకు సల్ఫేట్ అక్కరలేదని, లోపం లేని పొలానికి ఎకరాకు 20 కిలోలు వేయాలని కార్డులు వెళతాయి. ఈ పొరపాటును కార్డు చూసి పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. చూపుకు రెండు కార్డులూ సక్రమంగానే ఉంటాయి. పంట దెబ్బతిన్నాక కూడా కారణం ప్రయోగశాలలో కాక టైపింగులో ఉందని తెలిసే మార్గం ఉండదు.

మెనూతో ఏర్పడని సమగ్రత

విడి ఫారాలను ఒక్కటి చేయమన్నప్పుడు విద్యార్థులు సాధారణంగా ముందుగా తయారు చేసేది ప్రధాన మెనూ. ఒక తెర, దానిపై నాలుగు బటన్లు, ఒక్కొక్క బటను నొక్కితే ఒక్కొక్క పాత ఫారం. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఇది గంట పని. చూసేవారికి అంతా ఒకే అప్లికేషనుగా కనిపిస్తుంది గాని, లోపల రైతు పేరు ఇంకా మూడు పట్టికలలో మూడు రకాలుగా ఉంటుంది. ఒకచోట సరిదిద్దితే మిగిలిన రెండు చోట్ల పాతదే నిలిచిపోతుంది. కనుక పని ఫారాల నుండి కాక పట్టికల నుండి మొదలు కావాలి. ఫారం అంటే పట్టికలోనికి సమాచారం పంపే సాధనం. రిపోర్టు అంటే పట్టిక నుండి సమాచారం తీసే సాధనం. ప్రతి సమాచారమూ ఒకే చోట, ఒకేసారి నమోదు కావడమే సమగ్రతకు ప్రాతిపదిక. ఐబీఎం పరిశోధకుడు ఇ. ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా నుండి ఎదిగిన పట్టికల విభజన సూత్రాలు కోరేదీ ఇదే.

భూసార పరీక్షకు సంబంధించి పట్టికల క్రమం పనిలోనే స్పష్టంగా ఉంది. ఒక రైతుకు ఒకటికి మించి కమతాలు ఉండవచ్చు. ఒక కమతం నుండి వేర్వేరు సంవత్సరాలలో వేర్వేరు నమూనాలు రావచ్చు. ఒక నమూనాకు 12 ఫలితాలు ఉంటాయి. కనుక రైతు, కమతం, నమూనా, ఫలితం అనే నాలుగు పట్టికలు, వాటికి తోడుగా మండలాల పట్టిక, పరీక్షాంశాల పట్టిక అవసరం. పట్టికలోని నిలువు వరుసను కొన్ని తెలుగు పుస్తకాలు క్షేత్రం అంటాయి. వ్యవసాయ శాఖలో ఆ మాటకు మరో అర్థం స్థిరపడి ఉన్నందున ఇక్కడ ఫీల్డు అనడమే మేలు.

సర్వే నంబరు ఫీల్డును సంఖ్యగా కాక అక్షర రూపంలో నిర్వచించాలి. 112/2అ వంటివి సంఖ్యా ఫీల్డులో ఇమడవు. నమూనా సంఖ్య విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సంచిపై రాసే వరుస సంఖ్య ఏటా మళ్లీ ఒకటి నుండి మొదలవుతుంది కనుక, పాత ఫైళ్లను ఒకచోట చేర్చగానే ఒకే సంఖ్యతో నాలుగైదు నమూనాలు కనిపిస్తాయి. సంవత్సరం, వరుస సంఖ్య రెండూ కలిసిన జత పునరావృతం కాకుండా యునిక్ ఇండెక్సు ఏర్పరచాలి. యాక్సెస్ తానుగా ఇచ్చే ఆటోనంబరును పట్టికల అనుసంధానానికి మాత్రమే వాడాలి. దానిని సంచిపై రాయకూడదు.

ఫలితాల పట్టిక

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన అవసరమైనది ఫలితాల పట్టిక. కార్డు నమూనాను చూసి నమూనాకు ఒక వరుస, 12 అంశాలకు 12 నిలువు వరుసలు ఏర్పరచడం సహజంగా తోస్తుంది. కాని ప్రయోగశాలలో పని జరిగే తీరు వేరు. అక్కడ ఒక నమూనాను తీసుకుని 12 పరీక్షలూ వరుసగా చేయరు. అటామిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోఫోటోమీటరు ముందు కూర్చున్న విశ్లేషకుడు ఒక విడతలోని నమూనాలన్నిటికీ జింకు చూసి, ఆ తరువాత ఇనుముకు వెళతాడు. కనుక ఒక్కొక్క ఫలితాన్నీ ఒక్కొక్క వరుసగా ఉంచి, అందులో నమూనా, పరీక్షాంశం, విలువ, తేదీ, విశ్లేషకుడు అనే ఫీల్డులు ఏర్పరచడం మంచిది. అప్పుడు నమోదు ఫారం అంశాల వారీగా, కార్డు నమూనాల వారీగా రెండూ అదే పట్టిక నుండి వస్తాయి. కార్డుకు కావలసిన అడ్డు అమరికను క్రాస్‌ట్యాబ్ క్వెరీ ఇస్తుంది. రేపు పదమూడవ అంశం చేరినా పట్టిక నిర్మాణం మార్చనవసరం లేదు. పరీక్షాంశాల పట్టికలో ఒక వరుస పెరుగుతుంది, అంతే.

పరీక్షాంశాల పట్టికలో అంశం పేరుతో పాటు కొలమానం తప్పనిసరిగా ఉండాలి. విడి ఫైళ్లను కలిపేటప్పుడు బయటపడే ప్రమాదకరమైన తేడా ఇదే. ఒక ఫైలులో భాస్వరం మూలక రూపంలో, మరొక దానిలో పి2ఓ5 రూపంలో ఉండవచ్చు. మూలక భాస్వరాన్ని 2.29తో గుణిస్తే పి2ఓ5 వస్తుంది. హెక్టారుకు 15 కిలోల భాస్వరమూ, 34 కిలోల పి2ఓ5 దాదాపు ఒకే నేలను సూచిస్తాయి. అలాగే నత్రజని తక్కువ అనడానికి హద్దయిన హెక్టారుకు 280 కిలోలు ఎకరాకు లెక్కిస్తే సుమారు 113 కిలోలు. శీర్షికలో కొలమానం రాయని ఫైలును, దాన్ని నింపినవారిని అడిగి నిర్ధారించుకునే వరకు కలపకూడదు.

తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే వర్గీకరణను ఎవరూ టైపు చేయకూడదు. హద్దులను ఒక చిన్న పట్టికలో ఉంచితే వర్గాన్ని క్వెరీ నిర్ణయిస్తుంది. సేంద్రియ కర్బనానికి 0.5 శాతం లోపు తక్కువ, 0.75 శాతానికి మించితే ఎక్కువ. నత్రజనికి 280, 560 కిలోలు. ఈ హద్దులను రిపోర్టులోని సూత్రంలో ఇమిడ్చితే, అవి మారిన రోజున ఏయే రిపోర్టులో ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వస్తుంది.

ఖాళీకి, సున్నాకు గల తేడాను ఇక్కడే పాటించాలి. పట్టికను రూపొందించేటప్పుడు సంఖ్యా ఫీల్డులకు యాక్సెస్ తొలి విలువగా సున్నాను ఉంచడం కద్దు. నమూనాకు 12 వరుసలను ముందుగానే సృష్టించి తరువాత విలువలు నింపే పద్ధతి అనుసరిస్తే, ఆ సున్నా అలాగే నిలిచి, పరీక్షించని బోరాన్ తీవ్ర లోపంగా కార్డుపైకి ఎక్కుతుంది; మండల సగటు కూడా పడిపోతుంది. ఆ సున్నాను తొలగించి ఫీల్డును ఖాళీగా ఉంచితే సగటు లెక్కలో ఆ నమూనా చేరదు, కార్డుపై పరీక్షించలేదు అని ముద్రించవచ్చు.

కాలంతో మారే సమాచారం

నమూనా పట్టికలో జిల్లా పేరు ఉండకూడదనడానికి తెలుగు రాష్ట్రాల అనుభవమే చాలు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో మరో రెండు చేరాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గుంటూరు జిల్లాలోని బాపట్ల, ప్రకాశం జిల్లాలోని చీరాల కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. ప్రతి నమూనా వరుసలోనూ జిల్లా పేరు టైపు చేసి ఉంచితే వేల వరుసలు దిద్దవలసి ఉంటుంది. నమూనా గ్రామానికి, గ్రామం మండలానికి, మండలం జిల్లాకు చెందేలా అమర్చితే మండలానికి ఒక వరుస చొప్పున మార్చితే సరిపోతుంది.

అయితే ఆ ఒక్క వరుసనూ చెరిపి రాస్తే 2019 నాటి చీరాల నమూనాలు కూడా బాపట్ల జిల్లా కిందికి వస్తాయి. ధోరణులను పోల్చడానికి అది అనుకూలమే గాని, 2019లో పంపిన నివేదికతో అంకెలు సరిపోవు. అందువల్ల మండలం, జిల్లా సంబంధానికి అమలు తేదీని జోడించి, పాత వరుసను ఉంచి కొత్తదాన్ని చేర్చడం ఉచితం. హద్దుల పట్టికకూ ఇదే వర్తిస్తుంది. లేకపోతే మూడేళ్ల కిందటి కార్డును తిరిగి ముద్రించినప్పుడు రైతు దగ్గరున్న కార్డుకు భిన్నమైన సిఫారసు వస్తుంది.

ఫారాలు, రిపోర్టుల అనుసంధానం

పట్టికలు స్థిరపడ్డాక మిగిలిన పని తేలిక. స్వీకరణ ఫారంలో రైతు వివరాలు ప్రధాన ఫారంగా, కమతాలు, నమూనాలు సబ్‌ఫారాలుగా ఉంటాయి. రైతు పేరును టైపు చేయించక జాబితా నుండి ఎంపిక చేయించాలి. విశ్లేషణ ఫారంలో రైతు పేరు అసలు కనిపించనవసరం లేదు. నమూనా సంఖ్య చాలు. ఉదజని సూచిక 7.2 బదులు 72గా పడితే ఫారం తిరస్కరించేలా కనిష్ఠ, గరిష్ఠ విలువలను పరీక్షాంశాల పట్టికలోనే ఉంచాలి. పట్టికల మధ్య రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీని అమలు చేయాలి గాని, క్యాస్కేడ్ డిలీట్‌ను ఎంచుకోకూడదు. ఎంచుకుంటే రైతు పేరు రెండుసార్లు పడిందని ఒకదాన్ని తొలగించినప్పుడు, దానితో పాటు ఆ రైతు పేరున ఉన్న ఫలితాలన్నీ తొలగిపోతాయి.

ఫారంపై కార్డు ముద్రణ బటను పెట్టినప్పుడు ఒక సూక్ష్మమైన పొరపాటుకు తావుంది. ఫారంలో దిద్దిన విలువ ఆ రికార్డు సేవ్ అయ్యేవరకు పట్టికకు చేరదు. రిపోర్టు మాత్రం పట్టికనే చదువుతుంది. కనుక తెరపై సరిదిద్దిన అంకె కనిపిస్తుండగానే కార్డుపై పాత అంకె ముద్రితమవుతుంది. బటను మాక్రోలో ముందుగా రికార్డును సేవ్ చేసి, ఆ తరువాతే ప్రస్తుత నమూనా సంఖ్యను షరతుగా ఇచ్చి రిపోర్టును తెరవాలి. ప్రధాన మెనూ చిట్టచివరి పని. డేటాబేస్ తెరవగానే అది కనిపించేలా అమర్చవచ్చు.

పాత సమాచారం తరలింపు

పాత ఫైళ్లలోని రైతు పేర్లను కలపడం ఓపికతో కూడిన పని. ఇంటి పేరు ముందో వెనుకో ఉండడం, పొడి అక్షరాలు, తెలుగు, ఇంగ్లీషు లిపులు కలగలిసి ఉండడం అందరికీ తెలిసినవే. యూనికోడ్ తెలుగులో కంటికి కనిపించని చిక్కు మరొకటి ఉంది. శ్రీనివాస్ వంటి పొల్లుతో ముగిసే పేరు చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి. తెరపై రెండు పేర్లు ఒకేలా ఉన్నా, కంప్యూటరు వాటిని వేర్వేరుగా పరిగణించవచ్చు. తరలింపుకు ముందు పేర్ల చివరి నుండి దీనిని తొలగించాలి. పేరు కలిసినంత మాత్రాన ఇద్దరిని ఒకరిగా నిర్ణయించక గ్రామం, సర్వే నంబరు సరిచూడాలి. సందేహముంటే విడిగానే ఉంచడం క్షేమం. విడిగా ఉన్నవాటిని తరువాత కలపవచ్చు గాని, కలిసిపోయినవాటిని విడదీయడం దాదాపు అసాధ్యం.

ఇద్దరు ముగ్గురు ఒకేసారి పనిచేసే చోట డేటాబేస్‌ను రెండుగా విభజించాలి. పట్టికలున్న ఫైలు నెట్‌వర్కులో ఒకచోట, ఫారాలు, రిపోర్టులున్న ఫైలు ప్రతి కంప్యూటరులోనూ ఉంటాయి. దీనివల్ల రిపోర్టు మార్చవలసినప్పుడు సమాచారాన్ని తాకనవసరం ఉండదు. ఒక యాక్సెస్ ఫైలు పరిమితి 2 గిగాబైట్లు. ఫొటోలు చేర్చనంత వరకు ఒక కేంద్రం సమాచారానికి అది చాలా ఎక్కువ. పట్టికల ఫైలు ప్రతిని ప్రతిరోజూ మరో కంప్యూటరులో భద్రపరచాలి.

పూర్తయిన అప్లికేషనును పరీక్షించడానికి, చేతితో లెక్కించి సరిచూసిన కొన్ని పాత కార్డులు కావాలి. ఖాళీ బోరాన్ ఉన్నది ఒకటి, సరిగ్గా 280 వద్ద నత్రజని ఉన్నది ఒకటి, రెండు కమతాలున్న రైతుది ఒకటి వాటిలో తప్పక ఉండాలి. కార్డులు సరిపోయిన రోజునే పాత ఫైళ్లను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మార్చి, వాటిలో కొత్త నమోదును నిలిపివేయాలి. ఆ తేదీని స్వీకరణ రిజిస్టరులో రాసి ఉంచితే, తరువాత వచ్చినవారికి ఏ నమూనా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.