‘ఇంట్లనే ఉంటది కదా’ అనే ముందు

పరకాల నుంచి భూపాలపల్లి పోయే తొవ్వలో ఉన్న చెల్పూరు పేరు చెప్పగానే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం గుర్తుకొస్తుంది. 2010లో 500 మెగావాట్లతో మొదటి దశ, 2016లో 600 మెగావాట్లతో రెండో దశ మొదలయ్యాయి. దగ్గరలోనే సింగరేణి గనులు. రెండూ షిఫ్టుల మీద నడిచేవే. అందుకే ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో వంటకీ నిద్రకీ వేళలు డ్యూటీని బట్టే మారుతుంటాయి. మగమనిషి డ్యూటీకి పోతున్నాడంటే టిఫిన్ డబ్బా సిద్ధంగా ఉంటుంది, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడంటే పిల్లలు గుసగుసగా మాట్లాడతారు. అదే ఇంట్లో కుట్టు మిషన్ ముందు కూర్చున్న తల్లి పనికి మాత్రం వేళా లేదు, హద్దూ లేదు. జాకెట్టు చంక దగ్గర కుట్టు వేస్తుండగానే పాలవాడు పిలుస్తాడు, అత్తమ్మ చాయ్ అడుగుతుంది, పక్కింటామె ‘జర మా పిల్లగాన్ని చూస్తవా వదినా, ఎట్లా ఇంట్లనే ఉంటవు గదా’ అని వదిలిపోతుంది.

ఆ ‘ఇంట్లనే ఉంటది గదా’ అన్న మాట గురించే తల్లిదండ్రులిద్దరితోనూ నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

ఇంటి నుంచి పని చేసుకోవడంలో ఉన్న సుఖం చిన్నది కాదు. బిడ్డ నిద్రలో కదిలితే వినబడుతుంది. మొదటి అడుగు వేసినప్పుడు ఎవరో చెబితే తెలుసుకోనక్కర లేదు. నాలుగేళ్ల పిల్ల తల్లి కాళ్ల దగ్గర కూర్చుని గుడ్డ పేలికలు ఏరుకుంటూ చిలకపచ్చ, నెమలికంఠం, వంగపండు రంగు అని రంగులన్నీ నేర్చుకుంటుంది. అమ్మ టేపు పట్టి కొలుస్తుంది, లెక్క రాసుకుంటుంది, బేరం మాట్లాడుతుంది, ఒప్పుకున్న రోజుకు ఇస్తుంది. పిల్లలు ఇవన్నీ చూస్తూ పెరుగుతారు. నా మటుకు నాకు ఇది బడిలో దొరకని చదువు.

కష్టం కూడా అదే గడపలో ఉంది. 2024లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. అంటే ఇంచుమించు అయిదు గంటలు పోయిన తర్వాతే ఆమె మిషన్ కానీ, కంప్యూటర్ కానీ ముట్టుకోగలదు. ఆ మిగిలిన వేళను కూడా ఇల్లు తనదే అనుకుంటే ఇక ఆమెకు మిగిలేది అర్ధరాత్రి. బతుకమ్మ ముందు, పెళ్లిళ్ల ముందు తెల్లవారుజాము దాకా దీపం కింద కుట్టి, మళ్లీ అయిదింటికి లేచి వాకిలి ఊడ్చే తల్లులున్నారు. అది ఓపిక అని మెచ్చుకోవద్దు. ఆ నిద్ర ఆమెకు తిరిగి ఇచ్చే దారి చూడండి.

మొదట షిఫ్టు కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. అయ్యకు ఏ వారం ఏ డ్యూటీయో తెలిస్తే అమ్మ పనివేళ కూడా ఆ వారానికి రాయొచ్చు. పొద్దున షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి అన్నం తిని, కాసేపు నడుము వాల్చి, సాయంత్రం రెండు గంటలు పిల్లలను తీసుకోవచ్చు. తీసుకోవడమంటే పూర్తిగా తీసుకోవడం. ‘ఏడుస్తున్నది, చూడు’ అని మళ్లీ మిషన్ దగ్గరికి తెచ్చి ఇవ్వడం కాదు. రాత్రి షిఫ్టు వారం కష్టమైనది. ఆయన పగలు నిద్రపోవాలి, అది గనిలోనైనా ప్లాంటులోనైనా ప్రాణానికి సంబంధించిన నిద్ర. మిషన్‌ను వెనక అర్రలోంచి ముందు వసారాలోకి మార్చి, మధ్య తలుపు వేస్తే కొంత చప్పుడు తగ్గుతుంది. అదీ కుదరకపోతే మిషన్ అక్కరలేని పనులు, అంటే కత్తిరింపు, హుక్కులు, కాజాలు, ఫాల్ చేతికుట్టు ఆ పూటకు పెట్టుకోవచ్చు. ఆ వారం తక్కువ బట్టలే ఒప్పుకోవాలి. తగ్గిన సంపాదన ఆమె చేతకానితనం వల్ల కాదని ఇంట్లో అందరికీ తెలియాలి.

పిల్లల వయసును బట్టి కూడా లెక్క మారుతుంది. చంటిబిడ్డ నిద్రపోతుంది, లేస్తుంది, పాలు తాగుతుంది. పని ముక్కలు ముక్కలుగా అయినా సాగుతుంది. మూడేళ్లు నిండితే అంగన్వాడీ ఉంది. ఏ రోజూ మాన్పించకుండా పంపితే బిడ్డకు ఆటా పాటా భోజనమూ, తల్లికి నికరంగా కొన్ని గంటలూ దొరుకుతాయి. అసలు గడ్డుకాలం ఏడాది నుంచి మూడేళ్ల మధ్య. అంగన్వాడీ నుంచి బాలామృతం ప్యాకెట్ ఇంటికి వస్తుంది కానీ బిడ్డను చూసుకునే మనిషి రాదు. ఆ వయసు పిల్ల ఒకచోట ఉండదు, చేతికందింది నోట్లో పెట్టుకుంటుంది. గుండీలు, హుక్కులు, గుండుసూదులు మూత గట్టిగా పట్టే డబ్బాలో పైన ఉండాలి. మోటారు ప్లగ్గు పని కాగానే తీసేయాలి. ఇస్త్రీ పెట్టె వైరు కిందికి వేలాడకూడదు. తొక్కుడు మిషన్ చక్రంలో చిన్న వేళ్లు పడితే ఎంత ప్రమాదమో కుట్టేవాళ్లకు చెప్పనక్కర లేదు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని మాత్రం కుట్టవద్దు తల్లీ, ఎంత అర్జంటైనా సరే.

ఈ రెండేళ్లకు మనిషి సాయమే కావాలి. అత్తమ్మనో అమ్మనో ఉంటే అదృష్టం. అయితే వాళ్లకూ మోకాళ్లు నొస్తాయి, ఒక పూట చాలు. ఎవరూ లేని ఇళ్లకు ఒక మార్గముంది. నాట్లప్పుడు ఒకరి మడిలోకి ఒకరు బదులు పోయినట్టు, ఒకే వాడలో ఉన్న ఇద్దరు తల్లులు పూట మార్చి పూట పిల్లలను చూసుకోవచ్చు. మహిళా సంఘం మీటింగులో అడిగితే అలాంటి తోడు దొరుకుతుంది.

ఫోను సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దు, ఆపై అయిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు గంట మించవద్దు. పని తరుముతున్నప్పుడు ఫోను చేతికిచ్చిన తల్లిని నేను తప్పుపట్టను. పక్కన మరో మనిషి లేకపోవడమే అక్కడ అసలు లోటు. ఆ తెరకు ముందు ఆ ఇంట్లో ఇంకెవరి చేతులు ఖాళీగా ఉన్నాయో చూడాలి.

కంపెనీ ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేస్తున్న చదువుకున్న తల్లులకూ ఈ మాటలన్నీ వర్తిస్తాయి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఇచ్చారు. ఆ తర్వాత పని స్వభావం ఒప్పుకుంటే, యజమానితో మాట్లాడుకుని ఇంటి నుంచి చేసే వీలును కూడా అందులో రాశారు. అడగడానికి మొహమాటపడవద్దు.

ఒక విషయం దగ్గర మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. అమ్మ పని పెరిగినప్పుడు ఆ భారం నెమ్మదిగా పెద్దబిడ్డ మీద పడుతుంది. పదేళ్ల పిల్ల చెల్లెను ఎత్తుకుంటుంది, అంట్లు తోముతుంది, హుక్కులు కుడుతుంది, అదే ఇంట్లో కొడుకు బయట క్రికెట్ ఆడుతుంటాడు. బడి వేళ తర్వాత ఇంటి పనిలో సాయపడవచ్చని చట్టం ఒప్పుకోవచ్చు. ఆ పిల్ల రేపు లెక్కల పరీక్ష రాయాలని మనకు గుర్తుండాలి. చేయిస్తే ఇద్దరితోనూ చేయించండి. అదీ చదువు అయ్యాకే.

డబ్బు మాట కూడా తేల్చుకోండి. 2024లో సర్కారు బడుల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చినప్పుడు జతకు 50 రూపాయలున్న కూలిని 75కు పెంచారు. ఆ రేటు అందరికీ తెలుసు కాబట్టి బేరం లేదు. ఇంటి దగ్గర కుట్టేటప్పుడు ‘మనోళ్లే గదా’ అని చిన్నమ్మకూ, పెద్దమ్మకూ, ఆడబిడ్డకూ ఉట్టిగానే కుట్టిచ్చే తల్లులు చాలామంది. మీ రేట్లు ఒక అట్టముక్క మీద రాసి గోడకు తగిలించండి. నోటితో చెప్పలేని మాట ఆ అట్ట చెబుతుంది. వచ్చిన పైసలు మీ పేరిట ఉన్న ఖాతాలోనే పడాలి, అందులోంచి ఇంటికి ఎంతన్నది ఇద్దరూ కలిసి అనుకోవాలి.

జూన్‌లో బడి దరఖాస్తు నింపేటప్పుడు తల్లి వృత్తి అని ఒక గడి ఉంటుంది. చాలామంది తండ్రులు ఆలోచించకుండానే గృహిణి అని రాసేస్తారు. ఈసారి ఆమెను అడగండి. టైలర్ అంటే టైలర్ అనే రాయండి, పక్కన కూర్చున్న బిడ్డకు కనబడేటట్టు.