ప్రారబ్ధమును పురుషకారమును

మరణము సంభవించిన యింటికి పరామర్శకై పోయినవారి నోట తఱచుగా వినబడు మాట యొకటి కలదు: "ఏమి చేయుదుము, అంతయు ప్రారబ్ధము!" పుత్రుని గోల్పోయిన తల్లి తనంతట తానీ మాట ననుకొన్నచో, అది యామెకు కొంత నిలుకడ నీయవచ్చును. పొరుగువారు గుమ్మమున నిలిచి "ఏ జన్మమున నేమి చేసికొన్నదో" యని గుసగుసలాడినచో, అదియే పుండుపై కారము చల్లినట్లగును. సిద్ధాంత మొక్కటియే, ఫలము మాత్రము వేఱు. కావున కర్మసిద్ధాంతము ఎవరి నుద్దేశించి, ఏ ప్రయోజనమునకై చెప్పబడినదో కొంచెము విచారింపవలసి యున్నది.

బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మొదటి పాదమున బాదరాయణు లొక గట్టి యాక్షేపమును తామే యెత్తుకొనిరి. ఒకడు సుఖియై, మఱొకడు దుఃఖియై పుట్టుచుండగా, ఈ జగత్తును సృజించిన యీశ్వరుడు పక్షపాతి కాడా? నిర్దయుడు కాడా? శంకరభగవత్పాదులు దీనికి వాన దృష్టాంతముతో సమాధానము చెప్పిరి. వాన అన్ని పంటలకును సమానమైన కారణము. వడ్లు చల్లినచోట వరియు, యవలు చల్లినచోట యవలును మొలచుటకు హేతువు ఆయా విత్తనములయందే యున్నది. అట్లే జీవుల భేదములకు వారి వారి కర్మలే హేతువులు. మఱి మొట్టమొదటి కర్మ యెక్కడిది యన్నచో, సంసార మనాది యని సూత్రకారుల యుత్తరము. ఇది ప్రశ్నను వెనుకకు నెట్టుటయే గదా యని కొందఱందురు. ఆ మాటలో బలము లేకపోలేదు. కాని యిక్కడ గమనింపదగిన సంగతి వేఱొకటి. ఈ యధికరణమంతయు ఈశ్వరునిపై పడిన నిందను తొలగించుటకై పుట్టినది. దుఃఖితుని దోషిగా నిలువబెట్టుట దాని యుద్దేశము కాదు. దానిని తీసికొనిపోయి పరుల కన్నీటికి కొలబద్దగా పెట్టిన దోషము మనదే.

అదే యధ్యాయము మూడవ పాదమున జీవుడు కర్త యని నిరూపింపబడినది. అట్లు గానిచో శాస్త్రము వ్యర్థమగును. ఇది చేయుము, అది మానుము అని బండరాతితో నెవరును చెప్పరు గదా! ఆ కర్తృత్వము ఈశ్వరాధీనమే. అయినను ఈశ్వరుడు జీవుడు చేసిన ప్రయత్నము ననుసరించియే వానిని నడపును. ఇచ్చటను భాష్యమున మరల ఆ వాన దృష్టాంతమే వచ్చుట ముచ్చటగా నుండును.

కర్మ మూడు విధములని మన పెద్దలు విలుకాని పోలికతో చెప్పుదురు. అమ్ములపొదిలో నున్న బాణములు సంచితము, వింట సంధించుచున్నది ఆగామి, విడిచిన బాణము ప్రారబ్ధము. విడిచిన బాణము తన వేగమున్నంత వఱకు పోకమానదు. విద్యారణ్యస్వాములు పంచదశిలోని తృప్తిదీపప్రకరణమున ఈ ప్రారబ్ధమును మరల మూడుగా విభజించిరి: మన యిచ్ఛచే ననుభవింపజేయునది, ఇచ్ఛ లేకున్నను ననుభవింపజేయునది, పరుల యిచ్ఛచే ననుభవింపజేయునది. నలుడు, రాముడు, ధర్మరాజు వంటివారికే యిది తప్పలేదని వారు చూపిరి. ఇట్లుండగా యోగవాసిష్ఠము ముముక్షుప్రకరణమున వసిష్ఠులు దైవమనునది పూర్వపురుషకారమే యనియు, వెనుకటి ప్రయత్నమును నేటి ప్రయత్నమును రెండు పొట్టేళ్ళవలె ఢీకొనుననియు, బలము గలదే గెలుచుననియు వాదింతురు. మన భాషలో మడికి సింగన కవి నాటినుండి పరిచితమైన గ్రంథమిది. ఈ యిద్దఱిలో ఎవరి మాట నమ్మవలెను? నాకు తోచినంతలో విరోధము లేదు. విద్యారణ్యులు దేహమునకు వచ్చిపడు భోగమును గూర్చి చెప్పుచున్నారు. వసిష్ఠులు దానికి ఎదురుగా మన బుద్ధి చేయు పనిని గూర్చి చెప్పుచున్నారు. జ్వరము ప్రారబ్ధమే కావచ్చును. మందు త్రాగుట, త్రాగక మూలుగుట, ఉపచారము చేయువారిపై కసరుకొనుట, ఇవి ఇంకను వింట నున్న బాణములే.

ఆ స్వాతంత్ర్య మెంత యని యడిగినచో శ్రీరామకృష్ణులు రాటకు కట్టిన యావును చూపెడివారు. పలుపు సాగినంత మేర అది తిరుగవచ్చును, మేయవచ్చును, పరుండవచ్చును. యజమాని తలచినచో పలుపు పొడిగించును. ఈ యుపమానము చెప్పినవారి జీవితముననే పలుపు మిక్కిలి కుఱుచయైన కాల మొకటి వచ్చినది. 1885లో వారికి గొంతున వ్రణము పుట్టినది. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు చికిత్స చేసిరి. ఆ డిసెంబరులో వారిని కాశీపూరు తోటయింటికి చేర్చిరి. గ్రుక్కెడు జావ మ్రింగుటకును కష్టముగా నుండెను. శశధర పండితుడు వచ్చి, మహాపురుషులు మనస్సును రోగమున్న చోట నిలిపిన నయమగును గదా, మీరేల యట్లు చేయరని యడిగెను. భగవంతున కర్పించిన మనస్సును మరల ఈ మాంసపు గూటిపైకి త్రిప్పలేనని వారు నిరాకరించిరి. శిష్యులు విడువక ప్రార్థింపగా జగన్మాతతో ఆ మాట విన్నవించిరి. ఇన్ని నోళ్ళతో తినుచున్నావు గదా యని అమ్మ శిష్యులను చూపెనట. తాము సిగ్గుపడి మాటలాడలేకపోతినని వారే చెప్పిరి.

తైత్తిరీయోపనిషత్తు ఆనందవల్లిలో యౌవనము, బలము, సర్వసంపదలతో నిండిన భూమి, ఇవన్నియు గలవాని సుఖమును ఒక్క ప్రమాణముగా పెట్టి, నూఱేసి రెట్లు చొప్పున బ్రహ్మానందము వఱకు లెక్క కట్టినారు. పై మెట్టు లొక్కొక్కదాని యొద్దను, కామముచే దెబ్బతినని శ్రోత్రియునకును అంతియే యానందమని చేర్చినారు. కాశీపూరులో బలమా, యౌవనమా, సంపదయా? ఏదియు లేదు. అయినను నరేంద్రాది యువకులు ఆ మంచముచుట్టు పొందిన యానందమును తరువాత జీవితాంతము తలచుకొనిరి. 1886 ఆగస్టు 16న శ్రీరామకృష్ణులు దేహమును విడిచిరి.

తమ బాధను వా రట్లు సహించిరి. పరుల బాధ యెదుట వారి శిష్యులు కర్మమాట యెత్తుట కంగీకరింపలేదు. 1897లో గోరక్షణకై విరాళ మడుగ వచ్చిన ప్రచారకు డొకడు, కఱవున చచ్చువారు తమ కర్మవలన చచ్చుచున్నారని స్వామి వివేకానందులతో ననెను. స్వామి ముఖ మెఱ్ఱబాఱెను. అట్లయినచో ఆవులును తమ కర్మవలననే కసాయివాని చేత చిక్కుచున్నవి, వానికై పాటుపడ నేల యని వారు బదులు చెప్పిరి. అది గోవులయందు నిరాదరణ కాదు. కర్మ యను పేరు నిర్దయకు ముసుగు కాకూడదని వారి కోపము.

ఆ యేడే మే 1వ తేదీన కలకత్తాలో రామకృష్ణమిషన్ ఏర్పడినది. అప్పటికి స్వామి అఖండానందులు ముర్షిదాబాదు జిల్లా పల్లెలలో కాలినడకన తిరుగుచుండిరి. దారిలో ఒక ముసల్మాను బాలిక పగిలిన కుండ యెదుట ఏడ్చుచు కనబడెను. ఇంటికి పోయిన తల్లి కొట్టునని దాని భయము. స్వామి కొత్త కుండ యొకటి కొనియిచ్చి, తినుటకు కొన్ని అటుకులును చేతిలో పెట్టిరి. అంతలో ఆకలిగొన్న పిల్లలు గుంపుగా వచ్చి వారిని చుట్టుముట్టిరి. ఉన్న కొద్దిపాటి డబ్బుతో వారికిని అటుకులు పంచిరి. ముందునకు పోవలసిన ప్రయాణ మక్కడ నిలిచిపోయినది. మే 15న మహులా గ్రామమున బియ్యము పంచుట మొదలయ్యెను.