చిన్న గృహము – ఇఱుకు గృహము

గృహముయొక్క వైశాల్యమును బట్టి అందలి సౌఖ్యము నెంచుట లోకవాడుక. అయినను చిన్న గృహమును కోరి కట్టుకొని సుఖముగా నివసించినవారు అనేకులు కలరు. చిన్న గృహమువేఱు, ఇఱుకు గృహము వేఱు. ఈ భేదమును గ్రహించుట మన విద్యార్థుల కవసరము. ఏలయన, ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఉద్యోగవిద్యల కొఱకు హైదరాబాదు నగరమునకుఁ బోవువారిలో పలువురు అమీర్‌పేటయందలి మైత్రీవనము చుట్టుపట్ల, ఒక గదిలో ఒక మంచమునకు మాత్రము అద్దె చెల్లించి నివసింతురు.

చిన్న గృహమును కోరినవారిలో అమెరికా దేశీయుఁడగు హెన్రీ డేవిడ్ థోరో ప్రసిద్ధుఁడు. ఇతఁడు 1845వ సంవత్సరము జూలై 4వ తేదీన వాల్డెన్ సరస్సు సమీపమున తాను కట్టుకొన్న ఇంటఁ బ్రవేశించెను. ఆ యింటి పొడవు 15 అడుగులు, వెడల్పు 10 అడుగులు. సామగ్రికైన వ్యయము 28 డాలర్ల 12½ సెంట్లు. మంచము, బల్ల, వ్రాఁతబల్ల, మూఁడు కుర్చీలు అందలి ముఖ్యమైన సామానులు. అతఁడు రెండేండ్లకు పైగా అచట నివసించెను. పెద్ద యింటికై శ్రమజీవి తన యాయుష్షులో పెద్దభాగమును ధారపోయవలసి వచ్చుచున్నదనియు, ఇల్లు చిన్నదైనచో ఆ కాలము తనకే మిగులుననియు అతని వాదము. చిన్న గృహమునందలి మొదటి ఆకర్షణ ఇదియే: అప్పు తక్కువ, తీరిక యెక్కువ.

మన దేశమునందును ఇట్టి గృహములు క్రొత్తవి కావు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో పూర్వమునుండి కట్టుచు వచ్చిన చుట్టిండ్లను చూడుఁడు. మట్టిగోడ గుండ్రముగా నుండును. తాటాకు కప్పు ఇంచుమించు నేలదాఁక వ్రాలియుండును. తుపానుగాలి మూలలు లేని గోడను ఒరసికొని ప్రక్కలకు సాగిపోవును. ఈ కాలమునను ఇట్టి యోచనలు పుట్టుచున్నవి. హాంగ్‌కాంగ్ నగరపు వాస్తుశిల్పి జేమ్స్ లా, నీటికాలువలకు వాడు పెద్ద కాంక్రీటు గొట్టములను సుమారు 100 చదరపు అడుగుల నివాసముగా మార్చి 2018 ప్రాంతమున చూపెను. 2021లో తెలంగాణమునకుఁ జెందిన యువ ఇంజనీరు ఒకామె అట్టి గొట్టపుటింటిని మన ప్రాంతమునను నిర్మించినది.

వాల్డెన్ ఇంటియందును చుట్టింటియందును ఒక్క లక్షణము సమానము. ఇల్లు చిన్నది, వాకిలి పెద్దది. లోపల చాలని చోటును సరస్సుతీరమో, సముద్రతీరమో, చెట్టునీడయో తీర్చును. తలుపు వేసికొనుటకును తెఱచుకొనుటకును ఇంటివానికి స్వాతంత్ర్యము కలదు. ఇవి యున్నంతకాలము చిన్నతనము సౌఖ్యమే.

ఇఁక మైత్రీవనమును గూర్చి. కంప్యూటరు శిక్షణాలయములచేత ఈ పేరు తెలుగు జిల్లా లన్నింటను వినఁబడుచున్నది. అమీర్‌పేట, సంజీవరెడ్డినగరము, పంజాగుట్టల సందులలో హాస్టళ్లు నిండియున్నవి. 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైనది. నేఁడు రెండు మార్గములు అమీర్‌పేటయందు కలియుచున్నవి. ఇచటి గదులకును ఆకర్షణ లేకపోలేదు. తరగతి నడకదూరమున నుండును, అద్దె పదుగురిలో పంచుకొనఁబడును, ఒకరికి తెలియని పాఠము మఱియొకరు చెప్పుదురు. మైత్రి యను మాట అచట సార్థకమే. కాని గది కొలతను మఱచుట తగదు.

లెక్కకు రండు. జాతీయ భవననిర్మాణ నియమావళి ప్రకారము ఇంటికి ఒక్కటే గది యున్నచో దాని వైశాల్యము 9.5 చదరపు మీటర్లకు, అనఁగా సుమారు 102 చదరపు అడుగులకు, తగ్గరాదు. అట్టి గదిలో ఆఱడుగుల పొడవు, మూఁడడుగుల వెడల్పు గల మంచములు నాలుగు వేసినచో 72 చదరపు అడుగులు వానికే పోవును. మిగిలినది 30. అనఁగా పెట్టె పెట్టుకొనుటకు, నిలుచుటకు, చదువుకొనుటకు ఒక్కొక్కరికి ఏడున్నర చదరపు అడుగులు. తెలంగాణ ప్రభుత్వము 2024లో ప్రారంభించిన ఇందిరమ్మ యిండ్ల పథకమునందు ఇంటి కనీస వైశాల్యము 400 చదరపు అడుగులు. నలుగురుండు కుటుంబమున తలకు నూఱు. పై గదిలో తలకు ఇరువదియైదున్నర మాత్రమే. మొదటిది చిన్న గృహము. రెండవది ఇఱుకు గృహము.

మంచముపై మంచము వేసినచో నేల మిగులును గాని గాలి మిగులదు. కిటికీలు మూసిన గదిలో పలువురు నిద్రించునప్పుడు విడిచిన గాలియే మరల పీల్చవలసివచ్చును. క్షయ, జలుబు మున్నగు వ్యాధులు సులభముగా వ్యాపించును. పొడి వేఁడి ప్రాంతములలో గది నేల వైశాల్యమున పదియవ వంతు, తేమ వేఁడి ప్రాంతములలో ఆఱవ వంతు కిటికీలు మొదలగు గాలిమార్గములు ఉండవలెనని పై నియమావళియే చెప్పుచున్నది.

కావున తలిదండ్రులు అద్దెయు భోజనమును మాత్రము విచారించి సంతృప్తి చెందరాదు. గదిలో మంచము లెన్నియో లెక్కింపవలెను. కిటికీని స్వయముగా తెఱచి, అది ఆకాశమువైపు తెఱచుకొనుచున్నదో, ప్రక్కగోడవైపో చూడవలెను. అగ్నిప్రమాదము సంభవించినచో దిగుటకు వేఱొక మెట్లదారి కలదేమో అడుగవలెను. వందో రెండువందలో తగ్గునని గాలి లేని గదిని కుదుర్చుట పొదుపు కాదు. విద్యార్థులు సామాను తగ్గించుకొని, చోటు చాలనప్పుడు గ్రంథాలయమును ఉద్యానమును తమ వాకిలిగాఁ జేసికొనవలెను.

చిన్న యింటఁ బుట్టితిమని ఎవ్వరును సిగ్గుపడనక్కఱ లేదు. మనుష్యునికి గాలి, వెలుతురు, కొంత ఏకాంతము లేకుండఁ జేయుటయే సిగ్గుపడఁదగినది.

అభ్యాసము:
1. మీ యింటి వైశాల్యమును కొలిచి, తలకు ఎన్ని చదరపు అడుగులో లెక్కకట్టుఁడు.
2. మీరు నిద్రించు గది కిటికీ నేలలో ఎన్నవ వంతో కనుఁగొనుఁడు.
3. మీ యింటఁ సంవత్సరమునుండి ముట్టని వస్తువుల పట్టిక వ్రాసి, అవి ఆక్రమించిన చోటెంతయో తెలుపుఁడు.