కావాలని అడ్డుపడకపోయినా అవుటేనా?

ప్రశ్న: డాలస్‌లో మా మనవడి బేస్‌బాల్ మ్యాచ్ చూశాను. వాడు బ్యాట్ ఊపితే బంతి తగల్లేదు, ఆ ఊపుకి ముందుకు తూలాడు. ఈలోగా ఫస్ట్ బేస్ మీదున్న కుర్రాడు సెకండ్ బేస్‌కి చేరిపోయాడు. అంపైర్ మావాణ్ని అవుటిచ్చి, ఆ కుర్రాణ్ని వెనక్కి పంపాడు. మావాడు కావాలని చేయలేదండీ!

జవాబు: చేయలేదనే నమ్ముతాను. కానీ ఇక్కడ ఉద్దేశంతో పనిలేదు. క్రికెట్‌లో ఫీల్డర్‌ను అడ్డుకున్నందుకు అవుటివ్వాలంటే కావాలని చేశాడా అని చూస్తారు. మనకు తికమక అక్కడే. బేస్‌బాల్‌లో బ్యాటర్ తాను నిలబడే గడి దాటి, వెనక కూర్చున్న క్యాచర్ విసురుకు అడ్డొస్తే చాలు. క్యాచర్ బంతి అందుకుని, లేచి, చేయి వెనక్కి తీసేసరికి మీవాడి భుజం సరిగ్గా హోమ్ ప్లేట్ మీదకి వచ్చి ఉంటుంది. గడిలోనే కదలకుండా నిలబడితే మామూలుగా తప్పు పట్టరు. అలాగని గడి పూర్తి రక్షణ కాదు, లోపలుండి అనవసరంగా కదిలి అడ్డుపడినా అవుటే.

ఒక మినహాయింపు ఉంది. అడ్డొచ్చినా సరే, క్యాచర్ విసిరిన ఆ బంతితోనే రన్నర్ అవుటైతే బ్యాటర్‌ని వదిలేస్తారు.

బంతి కొట్టాక బ్యాటర్ క్యాచర్‌కు తగిలితే లెక్క వేరు. 1975 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో, పదో ఇన్నింగ్స్‌లో, సిన్సినాటి ఆటగాడు ఎడ్ ఆర్మ్‌బ్రిస్టర్ బంట్ చేసి (బంతిని మెల్లగా తాకించి) బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్‌కు తగిలాడు. ఫిస్క్ విసురు గురి తప్పింది. అంపైర్ లారీ బార్నెట్ అడ్డగింపు ఇవ్వలేదు. సిన్సినాటి 6-5తో గెలిచింది. బంతి కోసం క్యాచర్, పరుగు కోసం బ్యాటర్ ఒకేసారి కదిలి తగులుకుంటే సాధారణంగా తప్పు కాదని నిబంధనల వ్యాఖ్యలో ఇప్పుడూ ఉంది.