అతిథి సేవా వృత్తి – చేనేత బిడ్డలకు ఒక పాఠము



మగ్గ మొక్కదానితో ఇంటిల్లిపాదికీ జరుగుబాటు కాని కుటుంబములు మనలో పెక్కు. అట్టి యింట ఒకరిద్దరు వేరు పని చూచుకొనుట తప్పు గాదు. అయితే తెలిసి అడుగు వేయవలెను.

మన సీమకు యాత్రికుల కొదువ లేదు. చిక్కబళ్లాపురం చెంత నందికొండ, దాని పాదమున భోగనందీశ్వరాలయము కలవు. 2023 జనవరిలో అక్కడనే 112 అడుగుల ఆదియోగి విగ్రహము వెలసినది. చింతామణి తాలూకాలో కైవారము, కైలాసగిరి యున్నవి. బాగేపల్లి బెంగళూరు–హైదరాబాదు రహదారిపైననే యున్నది. 2008లో దేవనహళ్లి వద్ద విమానాశ్రయము తెరచినది మొదలు ఆ చుట్టుపట్ల హోటళ్లు పెరిగినవి.

హోటలు పని ముఖ్యముగా నాలుగు విధములు: వచ్చినవారికి గది యిచ్చి లెక్క చూచుట, గదులను శుభ్రముగా నుంచుట, వంట, వడ్డన. రెండవదానిని హౌస్‌కీపింగు అందురు. మనకు చేరువైనది ఇదియే. దుప్పట్లు, తువాళ్లు, తెరలు భద్రపరచుట ఈ విభాగపు బాధ్యత. మంచమునకు మూడు జతల దుప్పట్లుండుట సామాన్యపు లెక్క: ఒకటి మంచముపై, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. నూలు ఎట్టిది, రంగు నిలుచునా, ఉతికిన ఎంత కురచయగును అనునవి ఇతరులు కొత్తగా నేర్వవలెను. మన బిడ్డలు వీనిని మగ్గము ప్రక్కనే నేర్చియుందురు.

ఇక చేయవలసినవి:

1. తెలుగు, కన్నడము మనకు వచ్చును. పలకరింపునకు చాలునంత ఇంగ్లీషు, హిందీ నేర్వవలెను. కైవార తాతయ్య తెలుగు, కన్నడము రెండింటను కీర్తనలు రచించిరి. ఇట్టి స్థలవిశేషములు తెలిసినవారు యాత్రికులకు ఊరు చూపు పనికి తగుదురు.

2. ఇంగ్లీషు ఒక పాఠ్యాంశముగా పి.యు.సి. గడచినవారు హోటల్ మేనేజ్‌మెంటు కళాశాలల అఖిలభారత ప్రవేశ పరీక్ష వ్రాయవచ్చును. అట్టి కళాశాల బెంగళూరులో కలదు. అంత చదువు లేనివారు చిన్న హోటలులో చేరి పని నేర్వవచ్చును.

3. దరఖాస్తు ఒక పుట మించరాదు. చదువు, వచ్చిన భాషలు, చేసిన పని వ్రాయవలెను. మగ్గము పని వ్రాయుటకు సిగ్గుపడరాదు. బట్టను గూర్చి తెలిసినది మాటలలోను చెప్పవలెను.

4. భోజనపు రద్దీ తగ్గిన పిమ్మట, మధ్యాహ్నము 3 గంటలు దాటినాక వెళ్లవలెను. శుభ్రమైన దుస్తులు, కత్తిరించిన గోళ్లు మన తరఫున మొదట మాటలాడును.

5. చేరుటకు ముందే జీతము, పని గంటలు, వసతి, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. సంగతులు అడిగి నియామక పత్రము తీసికొనవలెను. ఆడపిల్లలు రాత్రి పని యున్నదా, యున్నచో ఇల్లు చేర్చు వాహనము కలదా అని విచారించవలెను.

6. ఉద్యోగ మిప్పింతునని ముందుగా సొమ్మడుగు దళారికి ఒక్క రూపాయియు ఈయరాదు. నకళ్లే ఇచ్చి, అసలు సర్టిఫికెట్లు ఇంటనే యుంచవలెను.

మగ్గము మానుమని మేము చెప్పుట లేదు. ఇంట ఒకరి జీతము నెలనెలా వచ్చినచో, నేత మందగించిన నాళ్లలో పడుగు నూలుకై అప్పు చేయు బాధ తగ్గును.